యాభై టన్నుల క్రేను, నలభై టన్నుల పడవ

2024 సెప్టెంబర్ రెండో వారంలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీదికి రెండు పెద్ద క్రేన్లు వచ్చాయి. ఒక్కోటి 50 టన్నులది. వరదకు కొట్టుకొచ్చి గేట్ల ముందు ఇరుక్కుపోయిన ఇనుప బోట్లను అవి పైకెత్తాలి. పెద్ద బోటు ఒక్కొక్కటి 40 టన్నుల పైచిలుకు ఉంటుందని అప్పట్లో చెప్పారు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు అది రెండో తరగతి లెక్క. రెండు యాభైలు వంద, అందులో నలభై తీసేస్తే ఇంకా అరవై మిగులు. గంటల తరబడి లాగారు. బోటు కదల్లేదు.

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు టీకొట్టు నుంచి విజయవాడ బెంజిసర్కిల్ దాకా అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: వంద టన్నులు ఎత్తగలిగేవి నలభై టన్నులు ఎత్తలేకపోవడం ఏమిటి? ఇంతకంటే పెద్ద క్రేను దొరకలేదా? ప్రశ్న సహజమైనదే. దాని కింద ఒక నమ్మకం ఉంది. క్రేనుకు ఒక శక్తి, పడవకు ఒక బరువు ఉంటాయని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలని. నిజానికి క్రేను మీద రాసిన అంకె ఆ క్రేను ఎత్తగలిగే బరువు కాదు, కాగితం మీద ఉన్న పడవ బరువు కొక్కేనికి తగిలే బరువూ కాదు. పడవను ఎత్తడం, దించడం అనే పనిలో ఉన్న విజ్ఞానమంతా ఈ రెండు తేడాలలోనే ఉంది.

ముందు ఆ వరద సంగతి చూద్దాం. తిరువూరు పక్కన కృష్ణా లేదు, గోదావరీ లేదు. కానీ ఆ ఊరి వానకు కృష్ణతో చుట్టరికం ఉంది. తిరువూరు, గంపలగూడెం వైపు కురిసిన నీళ్ళు కట్టలేరులోకి దిగుతాయి. కట్టలేరు, వైరా, మున్నేరు ఒకదాన్నొకటి కలుపుకుని బ్యారేజీకి ఎగువన కృష్ణలో పడతాయి. వినగడప దగ్గర కట్టలేరు పొంగి రాకపోకలు ఆగిపోయాయంటే ఆ నీరు ఇక విజయవాడ దారి పట్టిందనే అర్థం. ఆగస్టు 31న, సెప్టెంబర్ 1న ఎన్టీఆర్ జిల్లా అంతటా కుండపోత కురిసింది. ఇటు ఈ వాగులూ ఏరులూ, అటు పైనుంచి కృష్ణ వరదా ఏకమై బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 1957లో బ్యారేజీ ప్రారంభమయ్యాక అంత వరద ఎన్నడూ రాలేదు.

క్యూసెక్కులంటే చాలామందికి కంటికి ఆనవు. టన్నుల్లోకి మార్చి చూడండి. 11.43 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 3 కోట్ల 23 లక్షల లీటర్లు, అంటే 32 వేల టన్నులకు పైగా నీరు. బ్యారేజీకి 70 గేట్లు, ఒక్కో ఖానా వెడల్పు 40 అడుగులు. ఆ వెడల్పు మొత్తానికి పంచితే ప్రతి మీటరులోంచీ సెకనుకు 38 టన్నుల నీరు దూసుకుపోతోంది. ఎగువన కట్టు తెంచుకున్న బోట్లు ఆ వేగంతో వచ్చి 67, 69 నంబర్ల గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వాటి స్థానంలో ఉక్కువి అమర్చారు. అంతకు కొద్దివారాల ముందే, ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు కొట్టుకుపోతే, పారుతున్న నీటిలోకి క్రేన్లతో అడ్డుపలకలు దింపి నీటిని ఆపింది కూడా ఆయన ఆధ్వర్యంలోనే. గేట్ల మరమ్మతు త్వరగానే తెమిలింది. బోట్లే తెమల్లేదు.

ఇప్పుడు క్రేను దగ్గరికి వద్దాం. 50 టన్నుల క్రేను అంటే, దాని కొక్కెం క్రేను నడుముకు దగ్గరగా, సుమారు మూడు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మాత్రమే 50 టన్నులు ఎత్తగలదని అర్థం. క్రేను పడిపోకుండా నిలబడటం మొత్తం బరువును దూరంతో గుణించే లెక్క మీద ఆధారపడుతుంది. 50 టన్నులు, 3 మీటర్లు: గుణిస్తే 150. అదే చెయ్యి పది మీటర్లు చాస్తే 150ని పదితో భాగించాలి, 15 టన్నులు. పదిహేను మీటర్లు చాస్తే 10. అసలు పట్టికలో అంతకన్నా తక్కువే రాసి ఉంటుంది, ఎందుకంటే బూము, అంటే క్రేను చాచే చెయ్యి, బరువు కూడా ముందుకు వంగి తన వాటా తాను తీసుకుంటుంది. ఈ పట్టిక ప్రతి క్రేను క్యాబినులోనూ ఉండాలి. డ్రైవరు గొప్పదనం మీటలు తిప్పడంలో కన్నా ఆ పట్టిక ముందు చూసుకోవడంలో ఉందని నా అభిప్రాయం. బ్యారేజీ రోడ్డు మీద నిలబడిన క్రేను నేరుగా తన పాదాల ముందున్న వస్తువును ఎత్తడం లేదు. అంచు దాటి, ముందుకు చెయ్యి చాచి, కింద నీటిలో ఉన్నదాన్ని అందుకోవాలి. అక్కడే యాభై కాస్తా ఎంతో తగ్గిపోతుంది.

పోనీ రెండు క్రేన్లు కలిస్తే రెట్టింపు అవుతుందా? అదీ కాదు. రెండు క్రేన్లు ఒకే వస్తువును ఎత్తేటప్పుడు ఒకటి జానెడు ముందు ఎత్తినా బరువు దాని మీదికి ఒరుగుతుంది. పడవ ఒక పక్కకు వాలితే రెండో క్రేను తేలికపడి, మొదటిది తన పరిమితి దాటిపోతుంది. అందుకే జంటగా ఎత్తేటప్పుడు ఒక్కో క్రేనుకు పట్టికలో ఉన్నదానిలో ముప్పావు వంతు మించి అప్పగించకపోవడం ఈ వృత్తిలో మంచి పద్ధతి. యాభైలు రెండు కలిస్తే వంద అనేది చందాల లెక్కకు సరిపోతుంది గాని క్రేన్ల లెక్కకు కాదు.

ఇక పడవ బరువు. ఇది ఇంకా విచిత్రం. నలభై టన్నుల ఉక్కు నీటిలో మునిగి ఉన్నప్పుడు నలభై టన్నులు తూగదు. ఉక్కు నీటికన్నా దాదాపు ఎనిమిది రెట్లు సాంద్రమైనది కాబట్టి, మునిగిన ఉక్కు బరువులో ఎనిమిదో వంతును నీరే మోస్తుంది. 40 టన్నులు 35 అవుతుంది. బోటు నిండా నీళ్ళున్నా ఫరవాలేదు, ఎందుకంటే నీటిలో ఉన్న నీటికి కొక్కెం దృష్టిలో బరువు లేదు. అంటే మునిగిన పడవ తేలికైనదే! సమస్య అది పైకి వచ్చేటప్పుడు మొదలవుతుంది.

పదిహేను మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు ఉన్న బల్లపరుపు బోటు ఊహించుకోండి. అందులో మోకాలు దిగువ దాకా, అర మీటరు లోతున నీళ్ళు నిలిచాయి. పదిహేను ఇంటూ అయిదు ఇంటూ అర: 37.5 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను. బోటు అంచు నది మట్టం దాటి గాలిలోకి వచ్చిన కొద్దీ ఈ ముప్పై ఏడున్నర టన్నులూ ఒక్కొక్కటిగా కొక్కేనికి తగులుకుంటాయి. ఉక్కుకు నీరిస్తున్న ఆసరా కూడా పోతుంది. 35 తూగుతున్న వస్తువు కళ్ళముందే 77 అవుతుంది. ఇసుక తవ్వే బోట్లలో ఇసుక కూడా ఉంటే తడి ఇసుక ఘనపు మీటరు రెండు టన్నుల దాకా తూగుతుంది. అందుకే మునిగిన పడవను ఎత్తేవాళ్ళు అంచు నీటిమట్టానికి రాగానే ఆపుతారు. పంపులు పెట్టి లోపలి నీరు తోడేస్తారు. మళ్ళీ కాస్త ఎత్తుతారు, మళ్ళీ తోడతారు. చూసేవాళ్ళకు విసుగుపుడుతుంది. కానీ తొందరపడ్డచోటే తాళ్ళు తెగుతాయి.

లోపలి నీరు ఇంకో పని కూడా చేస్తుంది. అణియం, అంటే పడవ ముందు భాగం, వైపు రెండంగుళాలు వంగితే నీరంతా అటే పరిగెడుతుంది. దాంతో గురుత్వ కేంద్రం కూడా అటే జరుగుతుంది, పడవ ఇంకా వంగుతుంది, ఇంకా నీరు అటు పోతుంది. వేలాడే వస్తువు గురుత్వ కేంద్రం ఎప్పుడూ కొక్కేనికి నిట్టనిలువు కిందికి రావాలని చూస్తుంది. ముందే అక్కడ ఉంటే పడవ నిలకడగా లేస్తుంది. లేకపోతే అక్కడికి చేరేదాకా ఊగి, వాలి, దానికి కట్టిన బెల్టులోంచి జారుతుంది.

నది అడుగున బురదలో దిగబడిన పడవైతే మూడో బరువు ఒకటుంది. పట్టికల్లో అంకెగా కనిపించదు. పడవ అడుగుకూ బురదకూ మధ్య నీరు చొరబడటానికి సందు లేనప్పుడు, లేపబోతే అక్కడ పీడనం పడిపోతుంది, పైనున్న నీటి ఒత్తిడి పడవను కిందికి అదిమిపెడుతుంది. ఇంగ్లాండులో 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982 అక్టోబర్ 11న బయటికి తీసినప్పుడు ఈ పట్టునే అన్నిటికన్నా ముందు వదిలించారు. ఓడ పైన ఒక ఉక్కు చట్రం నిలబెట్టి, జాకీలతో రోజుల తరబడి కొద్దికొద్దిగా పైకి లేపి, బురద పట్టు వదిలాక నీటి అడుగునే ఓడను ఒక ఉక్కు ఊయల మీదికి మార్చారు. తేలే క్రేను కొక్కెం ఆ తర్వాతే పని మొదలుపెట్టింది. అంత జాగ్రత్తలోనూ చివర్లో చట్రం ఒక మూల జారి కిందికి పడింది, ఓడ మాత్రం నిలిచింది. బురదను గబాలున లాగితే గట్టిగా పట్టుకుంటుంది, నింపాదిగా లాగితే వదులుతుంది. కొండను తవ్వేవాడికున్నంత ఓపిక ఉండాలి.

బ్యారేజీ దగ్గర బురద కన్నా ప్రవాహం పెద్ద శత్రువు. పారే నీరు అడ్డుపడ్డ వస్తువును నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు మూడు మీటర్ల వేగంలో ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 450 కిలోల తోపు ఉంటుంది. పదిహేను మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు ఉన్న బోటు పక్కకు తిరిగి అడ్డంపడితే మొత్తం పది టన్నులు. వేగం రెట్టింపైతే నలభై. ఈ బలం కిందికి కాదు, అడ్డంగా పనిచేస్తుంది. క్రేను బూము నిలువు బరువు మోయడానికి తయారైనది, పక్కవాటు లాగుడు దానికి గిట్టదు. కొక్కెం తాడు నిట్టనిలువుగా లేకుండా వాలి ఉందంటే, ఆ పూట ఎత్తడం ఆపేయాలని క్రేను అనుభవం ఉన్న ఎవరైనా చెబుతారు. పైగా ఆ బోట్లు ఒకదానికొకటి గొలుసులతో బంధించి ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తబోతే రెండోదాన్నీ మూడోదాన్నీ కూడా లాగినట్టే. నలభై టన్నుల అంకె అక్కడితో పూర్తిగా చెల్లకుండా పోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, బోటుకు కట్టే బెల్టుల కోణం ఒక ఎత్తు. ఇది ప్రకాశం బ్యారేజీకే కాదు, తిరువూరులో ట్రాన్స్‌ఫార్మరు దించే చిన్న క్రేనుకూ వర్తిస్తుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

నిండు నీళ్ళ బకెట్టును ఇద్దరు చెరో చేత్తో పట్టుకుని మోయండి. ఇద్దరూ దగ్గర దగ్గరగా నడిస్తే సగం సగం పంచుకున్నట్టు తేలికగా ఉంటుంది. ఇద్దరి మధ్య ఎడం పెంచుతూ పొండి. బకెట్టులో ఒక్క చుక్క పెరగలేదు, అయినా భుజాలు లాగేస్తాయి. బెల్టులు కూడా అంతే. ఒక కొక్కెం నుంచి రెండు బెల్టులు పడవ రెండు చివరలకూ దిగుతాయి. పది టన్నుల పడవకు, బెల్టులు అడ్డగీతతో 60 డిగ్రీల కోణం చేస్తుంటే ఒక్కో బెల్టు మీద 5.8 టన్నులు పడతాయి. 45 డిగ్రీలైతే 7.1. 30 డిగ్రీలకు దిగితే ఒక్కోదాని మీద 10 టన్నులు, అంటే రెండు బెల్టులుండీ ఒక్కదాని పనే. 15 డిగ్రీలకు పడుకుంటే ఒక్కొక్కటీ 19 టన్నులు దాటి లాగుతుంది. బెల్టు పొట్టిగా ఉందని, బూము ఎత్తు చాలదని ఇలా పడుకోబెట్టి లాగడమే చాలా చోట్ల తాళ్ళు తెగడానికి కారణం.

బెల్టు తెగకపోయినా ఇంకో చిక్కుంది. వాలిన బెల్టు పడవను పైకి లాగుతూనే రెండు వైపుల నుంచీ లోపలికి నొక్కుతుంది. 30 డిగ్రీల దగ్గర ఆ నొక్కుడు పది టన్నుల పడవ మీద ఎనిమిదిన్నర టన్నులకు పైనే. చెక్క పడవ మూలుగుతుంది, ఫైబర్ పడవ పగులుతుంది. అందుకే కొక్కేనికీ పడవకూ మధ్య ఒక ఉక్కు దూలం వేలాడదీస్తారు. పై తాళ్ళు ఆ దూలానికి, దూలం చివరల నుంచి బెల్టులు తిన్నగా కిందికి. నొక్కుడంతా దూలం భరిస్తుంది, పడవకు కేవలం ఎత్తుడే మిగులుతుంది.

బెల్టుల రంగులు గమనించారా? ఊరికే వేసినవి కావు. ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిద నాలుగు, ఎరుపు అయిదు, గోధుమ ఆరు, నీలం ఎనిమిది, నారింజ పది. బెల్టుకు కుట్టిన చీటీ మీద ఇదే అంకె రాసి ఉంటుంది. చీటీ చిరిగిపోయిన బెల్టు ఎంత కొత్తగా కనిపించినా వాడకూడదు. బెల్టును ఉరిలా బిగించి ఎత్తితే దాని శక్తిలో అయిదో వంతు పోతుంది. ఇనుప తాడైతే తెగిన పోగులు ముళ్ళలా బయటికి పొడుచుకొస్తాయి. వట్టి చేత్తో తడమకుండా పాత గుడ్డ పెట్టి దువ్వితే ఆ ముళ్ళు గుడ్డను పట్టుకుంటాయి. మన ఫ్యాక్టరీల చట్టం 1948లోనే 29వ సెక్షన్ కింద ఎత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్ళను కనీసం ఏడాదికోసారి అర్హుడైన వ్యక్తి పరీక్షించాలని, నిర్ణయించిన బరువు మించి ఎత్తకూడదని పెట్టారు. ఏడాదికోసారి జరిగే ఆ పరీక్ష రాతపూర్వకం. గుడ్డతో దువ్వడం మాత్రం పని మొదలెట్టే ప్రతిసారీ.

బ్యారేజీ దగ్గర చివరికి ఏం చేశారు? విశాఖపట్నం నుంచి వచ్చిన గజ ఈతగాళ్ళు నీటి అడుగున గ్యాసు కట్టర్లతో బోట్లను కొయ్యడానికి దిగారు. మసక నీరు, గేట్లలోంచి ఇంకా పారుతున్న ప్రవాహం, మందమైన ఇనుము వల్ల పని రోజులు పట్టింది. కాకినాడ నుంచి ఇలాంటి పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు వచ్చారు. లాగారు, తిప్పారు. ఆఖరికి కుదిరిన ఉపాయం చాలా పాతది, నా దృష్టిలో చాలా అందమైనది కూడా. రెండు మంచి బోట్లు తెచ్చి వాటి మీద అడ్డంగా ఇనుప గడ్డర్లు పరిచారు. గడ్డర్ల నుంచి చైన్ పుల్లీలు దింపి, మునిగిన బోటును వాటి మధ్యకు పట్టి లేపారు. అలా లేపిన బోటును పున్నమి ఘాట్ వైపు తరలించారు.

ఈ ఉపాయంలోని లెక్క చూడండి. పదిహేను మీటర్లు, అయిదు మీటర్లు కొలతలున్న రెండు బోట్లకు నీటి మీద ఉన్న వైశాల్యం మొత్తం 150 చదరపు మీటర్లు. వాటి మీద 40 టన్నుల భారం వేలాడదీస్తే అవి అదనంగా ఎంత దిగుతాయి? నలభైని నూట యాభైతో భాగిస్తే 27 సెంటీమీటర్లు. అంతే, జానెడు మీద నాలుగు వేళ్ళు. నదే తన వీపు మీద నలభై టన్నులు మోసింది. బూము చాచే పని లేదు కాబట్టి దూరం లెక్క లేదు. బోటును నీటిపైకి పూర్తిగా తియ్యక్కర్లేదు కాబట్టి లోపలి నీటి బరువూ కొక్కేనికి తగల్లేదు. అడుగు వదిలాక సగం మునిగి ఉండగానే తోసుకుపోవచ్చు. సముద్రతీరంలో ఇదే పని పోటు చేసి పెడుతుంది: ఆటు సమయంలో బిగించి కడితే, ఆరు గంటల్లో పోటు ఎక్కి ఎత్తేస్తుంది. విజయవాడ దగ్గర కృష్ణకు పోటు లేదు, దాని పని చైన్ పుల్లీలు చేశాయి.

తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఒక చివర ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణను, ఉత్తరాన భద్రాచలం దగ్గర గోదావరిని తాకుతుంది. ఆ గోదావరిలోనే, పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబర్ 15న రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు మునిగింది. యాభై మంది దాకా పోయారు, 26 మంది బయటపడ్డారు. లోతైన సుడులు, రెండు వైపులా కొండలు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి బోటు తీసే పని అప్పగించారు. అక్కడ కొక్కెం దించి ఎత్తే మాటే లేదు. లంగర్లు, వందల మీటర్ల ఇనుప తాడు నీటి అడుగున ఉచ్చులా తిప్పి, ఒడ్డున ప్రొక్లెయినుతో లాగడమే మార్గం. ఒకసారి తాడు తెగింది. వరద మళ్ళీ పెరిగి పని ఆగింది. ఇంకోసారి లంగరుకు రెయిలింగు ఊడివచ్చింది. అక్టోబర్ 22న, మునిగిన 38వ రోజున, బోటు ఒడ్డుకు చేరింది, ఛిద్రమైపోయి. ఎత్తడానికీ లాగడానికీ తేడా అందులో కనబడుతుంది. ఎత్తిన వస్తువు బరువు ఎక్కడ పడాలో మనం నిర్ణయిస్తాం. లాగిన వస్తువు విషయంలో అది నది అడుగున ఉన్న రాళ్ళు నిర్ణయిస్తాయి.

పెను వస్తువును ఒడ్డెక్కించాలంటే ఎత్తకుండా జరపడమే మేలన్న సందర్భాలూ ఉన్నాయి. విశాఖ బీచిలో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. 2001లో నౌకాదళ సేవ నుంచి తప్పించాక దాన్ని సముద్రం నుంచి ఒడ్డుకు లాగి తెచ్చి నిలబెట్టారు, 2002 ఆగస్టులో జనానికి తలుపులు తెరిచారు.

ఇక మామూలు పడవల సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలకు అది గుడ్లు పెట్టే కాలం, బోట్లకు ఒడ్డెక్కే కాలం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో పెద్దవాటిని వాలుబల్లల మీదుగా లాగుతారు, ఫైబర్ పడవలను క్రేనుతో ఎత్తుతారు. అడుగు గీకి, రంగులు వేసి, ఇంజను విప్పి బిగించి, జూన్‌లో మళ్ళీ నీటిలోకి దించుతారు.

దించే రోజున ముందు చూసుకోవాల్సింది నేల. క్రేను కాళ్ళు చాచి నిలబడితే ఒక్కో కాలి మీద ఇరవై టన్నులు పడటం మామూలే. నలభై సెంటీమీటర్ల పలక మీద ఆ ఇరవై టన్నులు పడితే చదరపు మీటరుకు 125 టన్నుల ఒత్తిడి. తడిసిన నల్లరేగడి పది టన్నులు మోస్తే గొప్ప. ఒకటిన్నర మీటరు చదరంలో మందపు దుంగలు పరిచి వాటి మీద కాలు ఆనిస్తే అదే బరువు తొమ్మిది టన్నులకు దిగుతుంది. రేవు అంచుకు మరీ దగ్గరగా కాలు పెట్టకూడదు, అంచు గోడ వెనక మట్టిని నీరు ఎప్పుడు తొలిచిందో పైకి కనబడదు. తర్వాత తల పైకెత్తి కరెంటు తీగలు చూడాలి. 11 కేవీ తీగకు బూమైనా, తాడైనా, పడవ మీది కొయ్యైనా మూడు మీటర్ల లోపుకి పోకూడదు. మన ఊళ్ళలో క్రేను ప్రమాదాల్లో తాడు తెగడం కన్నా తీగ తగలడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది, తాడు ముందు చప్పుడు చేస్తుంది, తీగ చెయ్యదు.

బెల్టు ఎక్కడ వెయ్యాలన్నది పడవ కట్టినవాడికి తెలుస్తుంది. లోపల అడ్డ చట్రాలు ఉన్నచోట వేస్తే పడవ ఒంటికి బలం. ప్రొపెల్లరు దండం కింద, చుక్కాని కింద వేస్తే వంగిపోతాయి. పడవ అణియం వైపు సన్నబడుతుంది కాబట్టి ముందు బెల్టు అటు జారిపోవాలని చూస్తుంది. ముందు బెల్టునూ వెనక బెల్టునూ పక్కల నుంచి తాడుతో ఒకదానికొకటి కలిపి కడితే ఆ జారుడు ఆగుతుంది. రూపాయి తాడు, లక్షల పడవను కాపాడుతుంది. లోపల నీరు, డీజిలు, వదులు సామాను తీసేస్తారు. ఒక్క జానెడు ఎత్తి ఆపుతారు. అప్పుడే పడవ ఎటు వాలుతుందో, బెల్టు ఎక్కడ కోస్తుందో, క్రేను కాలు దిగుతుందో తెలిసిపోతుంది. తేడా ఉంటే దించి, బెల్టు జరిపి, మళ్ళీ. పడవ రెండు చివరలకూ చేతితాళ్ళు కట్టి ఇద్దరు దూరంగా నిలబడతారు, ఊగకుండా, గాలికి తిరగకుండా. కింద ఎవ్వరూ నిలబడరు, లోపల ఎవ్వరూ కూర్చోరు. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. ఆపమని మాత్రం ఎవరు చెయ్యెత్తినా ఆపాలి.

తిరువూరులో పడవ దించే అవసరం ఎప్పుడొస్తుంది? వరదల్లోనే. 2024లో తీరప్రాంతాల నుంచి లారీల మీద పడవలు తెచ్చి విజయవాడ వీధుల నీటిలోకి దించారు. అలాంటప్పుడు చేతికందేది హైడ్రా అనే చిన్న టైర్ల క్రేను. బోరు మోటారు ఎత్తాలన్నా, గ్రానైటు పలక దించాలన్నా మనకదే. అయితే 14 టన్నుల హైడ్రా, బూము పొట్టిగా, బండి తిన్నగా ఉన్నప్పుడే 14 టన్నులది. దానికి చాచే కాళ్ళు లేవు, టైర్లే ఆధారం. బరువు వేలాడుతుండగా నడుము దగ్గర వంగి మలుపు తిరిగితే నిలబడే శక్తి చాలా పడిపోతుంది, రోడ్డు ఒకవైపు వాలి ఉంటే ఇంకా. రెండు టన్నుల పడవను పట్టుకుని మోకాలెత్తు నీటిలో నడిచే హైడ్రాకు నేల కనబడదు, గుంత ఎక్కడుందో తెలియదు. లారీని నీటి అంచు దాకా వెనక్కి తెచ్చి, హైడ్రాను గట్టి నేల మీదే ఉంచి, వీలైనంత తక్కువ ఎత్తులో, వీలైనంత తక్కువ దూరం మొయ్యాలి. చిన్న రబ్బరు పడవలకైతే క్రేను అసలు పిలవక్కర్లేదు, నలుగురు మోస్తారు.

పడవ నీటికి తగిలాక పని అయిపోయిందనుకుని వెంటనే బెల్టులు వదిలేస్తుంటారు. వదలకూడదు. బెల్టులు కాస్త బిగువుగా ఉండగానే ఒకరు లోపలికి దిగి వెనక భాగమైన అమరం దగ్గర ప్రొపెల్లరు దండం బయటికొచ్చే చోట నీరు కారుతోందేమో వేలు పెట్టి చూస్తారు. కొత్త చెక్క పడవైతే పలకలు ఉబ్బి అతుకులు మూసుకునేదాకా కొంత నీరు ఊరుతుంది, దానికి పంపు సిద్ధంగా ఉంచుకోవాలి. ధారగా వస్తుంటే అప్పటికప్పుడే ఎత్తేయొచ్చు, బెల్టులు ఇంకా ఉన్నాయి గనుక. అంతా బాగుందని తేలాక కొక్కెం వదులు చేసి బెల్టును చేత్తో లాగి తియ్యాలి, క్రేనుతో కాదు. కిందనుంచి వచ్చే బెల్టు చుక్కానికో ప్రొపెల్లరుకో తగులుకుంటే, పైనున్న డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. అతను ఖాళీ బెల్టే లాగుతున్నాననుకుంటాడు.